సముద్రానికి నీళ్లు పోసిన మనిషి

పటాన్‌చెరువు దగ్గర సర్కారు వారి పెద్ద కర్మాగారం వెలిసినప్పుడు, దానిలో పనిచేసేవాళ్లకు కావలసినవన్నీ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. క్వార్టర్లు కట్టించింది, రేషను దుకాణం పెట్టింది, ఆస్పత్రి తెరిచింది. సముద్రం ఒక్కటి మరిచిపోయింది. ఆ లోటును సొంత చేతులతో పూడ్చినవాడు టైమాఫీసు గుమాస్తా త్రినాథరావు. ఆయన తెచ్చిన సముద్రానికి రోజూ నీళ్లు పోసింది ఆయన భార్య వీరలక్ష్మి. ఇలాంటి ఘనకార్యాల్లో మొదటివారి పేరు ఎలాగూ నిలుస్తుంది కాబట్టి ఇక్కడ రెండోవారి సంగతి చెప్పుకుందాం.

ఇద్దరిదీ భీమునిపట్నం. వీరలక్ష్మి చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే అక్క నాగేశ్వరి పెంచింది. నాగేశ్వరికి సముద్రం ఒడ్డున పెసరట్ల కొట్టు ఉండేది. పెనం మీద పిండి తిప్పుతూనే చెల్లెలికి జడ వేసేది, జడ వేస్తూనే అప్పు పెట్టినవాళ్లను తిట్టేది. ఆ కొట్టు మీదే చెల్లెల్ని చదివించింది, ఆ కొట్టు మీదే పెళ్లి చేసింది. సాగనంపేటప్పుడు మాత్రం ఏడవలేదు. "ఎల్లు. ఏడాదికోపాలి కనపడు, చాలు" అంది. అరవై అయిదులో వీరలక్ష్మి భర్త వెంట ఈ ఎర్రమట్టి నేలకు వచ్చింది. మొదటి రెండేళ్లూ మాట ప్రకారం ఏడాదికోసారి కనపడింది. మూడో ఏట ఇంటికి సముద్రం వచ్చింది.

అది వచ్చిన విధానం చెప్పుకోదగ్గది. కర్మాగారం లైబ్రరీలో పాత ఇంగ్లీషు పత్రికలు తిరగేస్తుంటే త్రినాథరావుకు ఒక వ్యాసం కనబడింది. సముద్రపు నీటిని, సముద్రపు రాళ్లను, ఇసుకను ఒక అద్దాల తొట్టెలో పెట్టి, ఎండ తగిలేటట్టు చూసి, ఇక చెయ్యి పెట్టకుండా ఊరుకుంటే చాలునట. యంత్రం అక్కర్లేదు, జల్లెడ అక్కర్లేదు, నీళ్లు మార్చనక్కర్లేదు. సముద్రమే తనను తాను చూసుకుంటుంది. ఏ పనీ చేయకుండా ఒక మహత్కార్యం సాధించవచ్చునన్న సిద్ధాంతం త్రినాథరావుకు సూటిగా హృదయానికి తగిలింది. ఆయన టైమాఫీసు మనిషి. ఇతరులు పనికి వచ్చారా లేదా అని చూడటమే ఆయన పని.

ఇనప చట్రం వీర్రాజు బిగించి ఇచ్చాడు. వీర్రాజుదీ భీమిలే, కర్మాగారంలో ఫిట్టరు. చట్రానికి తారు పూసి, అద్దాలు పెట్టి, లప్పంతో అతికించారు. నీళ్లు భీమిలి నుంచి ఆవకాయ జాడీల్లో వచ్చాయి. రైలు పెట్టెలో పక్కవాళ్లు కాస్త రుచి చూపించమని అడిగితే త్రినాథరావు మూత తీసి చూపించాడు. వాళ్లు మళ్లీ ఆయనతో మాట్లాడలేదు. తడి గోనెల్లో చుట్టి నాచు పట్టిన రాళ్లు తెచ్చాడు. వాటిని నీళ్లలో పెట్టిన కొన్నాళ్లకు ఆ రాళ్లలోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. గోరంత నత్తలు, ఒక పీత, ముళ్ల పురుగులు, రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకుని తాకితే ముడుచుకునే ఒక జీవి. చిన్న చేపలు మాత్రం టిక్కెట్టు కొని వచ్చినట్టు జాడీలోనే వచ్చాయి.

ఆదివారాలు జనం చూడటానికి వచ్చేవారు. త్రినాథరావు తొట్టె పక్కన నిలబడి, గొంతు సవరించుకుని, ధర్మోపదేశం మొదలుపెట్టేవాడు. "చేప తింటుంది. తిన్నది విసర్జిస్తుంది. మీరూ నేనూ అయితే ముక్కు మూసుకుంటాం. ఇక్కడ అలా కాదు. ఇసుకలో కంటికి కనపడని జీవులున్నాయి. అవి ఆ మలినాన్ని విరిచి ఎరువు చేస్తాయి. ఎరువు నాచుకు తిండి. నాచు నత్తకు తిండి. నత్త విడిచింది మళ్లీ ఇసుకకే. ఒకరి రోత మరొకరికి విందు. వ్యర్థం అన్న మాటే లేదు ఇందులో. బయటినుంచి ఒక్క చుక్క రానక్కర్లేదు, ఎవరి చెయ్యీ పడనక్కర్లేదు. చక్రం తిరుగుతూనే ఉంటుంది."

వినేవాళ్లు తలలూపేవారు. వీరలక్ష్మి వాళ్లకు కాఫీలు తెచ్చేది. చక్రంలో ఎక్కడా ఆమె లేదు.

నిజానికి ఆ చక్రం ఆమె కుడిచేతి మీద తిరిగేది. ఈ దక్కను ఎండకు తొట్టెలో నీరు రోజూ ఆవిరయ్యేది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. నీరు తగ్గితే ఉప్పు చిక్కబడి అన్నీ చస్తాయి. అందుకని అద్దం మీద గీసిన గీత దాకా మంచినీళ్లు పోయాలి. కుళాయి నీళ్లు తిన్నగా పోయకూడదు. కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి, రాళ్లు కదలకుండా గరిటెతో పోయాలి. ఇంట్లో తాగే నీళ్లకు ఇంత మర్యాద లేదు. ఆ పైన గాలి. కిటికీ పక్కన లారీ టైరు లోపలి ట్యూబు ఒకటి వేలాడేది. దానికి సైకిలు పంపుతో గాలి నింపితే, సన్నటి రబ్బరు గొట్టంలోంచి అది బుసబుసమంటూ తొట్టెలోకి బుడగలై దిగేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ట్యూబు గట్టిపడేదాకా కొట్టాలి. యంత్రం అక్కర్లేదన్న మాట అక్షరాలా నిజమే. ఇంట్లో వీరలక్ష్మి ఉంది.

ఎవరైనా గడుసువాడు, "మరి ఈ గాలి బయటిది కాదా అండీ" అని అడిగితే త్రినాథరావు చిరునవ్వు నవ్వేవాడు. "గాలి బయటిదెలా అవుతుందండీ? అంతటా ఉన్నదే కదా."

భార్య కూడా అంతటా ఉన్నదే అన్న ధోరణి అది.

ఈ వ్యవహారాన్ని ఉన్నదున్నట్టు చూసిన మనిషి ఒక్కతే. పక్క ఊరినుంచి పాలు పోయడానికి వచ్చే ఆగమ్మ. మొదటిసారి తొట్టెను చూసిన రోజు పాలచెంబు గడప మీద పెట్టి లోపలికి తొంగిచూసింది.

"ఏందమ్మా గీ గాజుపెట్టె? చేపలు వండనీకి తెచ్చిన్రా?"

"కాదు ఆగమ్మా. సముద్రం."

"సముద్రమా. గింతేనా?"

"కొంచెమే తెచ్చుకున్నాం."

ఆగమ్మ వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "ఉప్పు జెర ఎక్కువైంది" అంది, వంట చేసినవాళ్లను నొప్పించకుండా. తరవాత వీరలక్ష్మి పంపు కొట్టడం కాసేపు చూసింది. "రోజు నీళ్లు పోస్తున్నవ్, గాలి గొడుతున్నవ్. నా బర్రె గూడ గింత పని చెప్పది. అదన్న పాలిస్తది. ఇదేమిస్తదమ్మా?"

"ఇదేమీ ఇవ్వదు. దీన్నుంచి ఏమీ బయటికి రాదు, అదే గొప్ప అంటారు ఆయన."

"మంచిగనే ఉన్నది" అంది ఆగమ్మ. ఏది మంచిగా ఉందో చెప్పలేదు.

అరవై ఎనిమిది చివర్లో వీర్రాజు సెలవుకు భీమిలి వెళ్లివచ్చి, తిన్నగా వీళ్లింటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మీ అక్కకి కళ్లు బాగోలేవమ్మా. నీటికాసులంట. పట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్లేరు. ఉన్న సూపు కొన్నాళ్లుంటాది, మెల్లిమెల్లిగా పోద్ది, పోయింది తిరిగి రాదని చెప్పేరంట. కొట్టు మూసేసింది. ఒకటే మాట చెప్పమంది. సూపుండగా ఓపాలి వచ్చి కనపడి ఎల్లమంది."

వీరలక్ష్మి ఆ సాయంత్రమే అడిగింది. త్రినాథరావు వద్దనలేదు. ఆయన జన్మలో ఎన్నడూ ఎవరినీ వద్దనలేదు. సంస్కారం గల మనిషి. ప్రశ్న మాత్రం వేసేవాడు.

"వెళ్లు. ఎవరు కాదన్నారు? ట్యూబుకు గాలి ఎవరు కొడతారు?"

"మీరు కొట్టలేరా నాలుగు రోజులు?"

"నేను ఆఫీసులో ఉంటే మధ్యాహ్నం గాలి తగ్గిందనుకో. పీత చస్తుంది. పీత చస్తే నీరు చెడుతుంది. నీరు చెడితే నత్త. నత్త పోతే నాచు పెరిగి, కుళ్లి, చేప. ఒక్క పంపు కొట్టకపోతే ఎంతమంది? నువ్వే చెప్పు."

అంతమంది ప్రాణాలు తన చేతిలో ఉన్నాయని వీరలక్ష్మికి పెళ్లినాడు ఎవరూ చెప్పలేదు. తను కొట్టి పెడతానని ఆగమ్మ ముందుకు వచ్చింది. నీళ్లు కలపడంలో ఆగమ్మకున్న అలవాటు సముద్రానికి మంచిది కాదని త్రినాథరావు అభిప్రాయపడ్డాడు.

ఆ తరవాతి ఏడాది, అంటే అరవై తొమ్మిదిలో, ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలంటూ ఈ ప్రాంతమంతా అట్టుడికింది. కాలనీలో కోస్తా కుటుంబాలవాళ్లు తలుపులు వేసుకుని కూర్చున్నారు. వెళ్లిపొమ్మన్నవాళ్ల మాట విని వెళ్లిపోదామని వీరలక్ష్మికి మనస్ఫూర్తిగా అనిపించింది గాని, బస్సులు లేవు. డెబ్బైలో తొట్టెలో చేపలు గుడ్లు పెట్టాయి. అదొక శుభకార్యం. ఇంట్లో పురుడుండగా ప్రయాణాలేమిటన్నాడు త్రినాథరావు. గుడ్లను ఆ రాత్రే పీత తినేసింది. అది కూడా చక్రంలో భాగమేనని తెల్లవారి ఆయన కాలనీకంతటికీ వివరించాడు.

డెబ్బై రెండు మాఘమాసానికి వీరలక్ష్మి గట్టిగా అనుకుంది. భీమిలిలో మాఘ పౌర్ణమికి సముద్రస్నానం పెద్ద పండుగ. చిన్నప్పుడు అక్క చెయ్యి పట్టుకుని అలల్లో మూడు మునకలు వేయించేది. ఈసారి అక్క చెయ్యి తను పట్టుకోవాలి, అక్క తనను చూడాలి. వీర్రాజు కబురు తెచ్చాడు, ఎదురుగా నిలబడితే మనిషి ఆకారం ఇంకా తెలుస్తోందట.

"ఈ పౌర్ణమికి నేను వెళ్తున్నానండీ" అంది. అడగలేదు, చెప్పింది.

త్రినాథరావు ప్రశ్న వేయడానికి నోరు తెరిచేలోగా గుమ్మంలో వెంకటలక్ష్మి కనపడింది. ఫోర్‌మన్ సూర్యారావు భార్య, కాకినాడ మనిషి. ఆవిడ వెనక కాలనీ ఆడవాళ్లు మరో నలుగురు.

"ఏవమ్మా వీరలక్ష్మీ, మీ ఇంట్లో సముద్రుడున్నాడటగా. ఇన్నేళ్లబట్టీ చెప్పనే లేదు. స్నానం లేక మా పౌర్ణములన్నీ ఇక్కడ వట్టిపోతున్నాయి. ఓ చెంబెడు నీళ్లు మా నెత్తిన జల్లితే నీ సొమ్మేం పోయింది?"

త్రినాథరావు మొహం వికసించింది. ఇన్నాళ్లూ ఆయన దగ్గరకు సిద్ధాంతం వినడానికి మగవాళ్లు వచ్చారు, విన్నారు, కాఫీ తాగి పోయారు. దణ్ణం పెట్టడానికి ఎవరూ రాలేదు. "తప్పకుండా రండి" అని, భార్య వైపు తిరిగి, చిక్కుముడి విప్పినవాడిలా అన్నాడు. "చూశావా? స్నానానికి అంత దూరం వెళ్లనక్కర్లేదు. సముద్రమే ఇక్కడుంది."

"నేను వెళ్తానన్నది స్నానానికి కాదండీ."

"పౌర్ణమి అన్నావుగా" అన్నాడు త్రినాథరావు. అయిదుగురు పరాయి ఆడవాళ్ల ముందు వీరలక్ష్మి ఇంకేం మాట్లాడుతుంది. లోపలికి వెళ్లి కాఫీ కలిపింది.

పూజకు నిబంధనలు టైమాఫీసు నోటీసు మాదిరిగా వెలువడ్డాయి. తొట్టెలో పసుపు వేయకూడదు. కుంకుమ వేయకూడదు. పాలు, కొబ్బరినీళ్లు అసలే కుదరదు. పువ్వులు కుళ్లుతాయి, కాబట్టి అవీ కూడదు. కుళ్లేదేదైనా చక్రానికి అదనపు భారం.

"మరి మీ సముద్రుడికి ఏం సమర్పించమంటారండి?" అని వెంకటలక్ష్మి చెంగు అడ్డం పెట్టుకుని అడిగింది. "ఉత్త చేతులతో దణ్ణం పెట్టి పొమ్మంటారా?"

త్రినాథరావు ఆలోచించాడు. ఆయన జీవితంలో అంత శ్రద్ధగా ఆలోచించిన సందర్భాలు తక్కువ. "నాణెం వేయండి. గోదారి మీద రైలు పోతుంటే వేస్తాం చూడండి, అలాగ. లోహం కుళ్లదు. ఎవరి తిండికీ అడ్డం రాదు. అందులోనూ రాగి అయితే మరీ మంచిది. మన పెద్దలు రాగిచెంబులో నీళ్లెందుకు పెట్టేవారనుకున్నారు? శుద్ధి."

అప్పటికే సర్కారువారి కొత్త పైసలు తెల్లగా, ఊదితే ఎగిరిపోయేంత తేలిగ్గా తయారయ్యాయి. అలాంటి బిళ్లలు సముద్రుడికి వేయడం ఎవరికీ నచ్చలేదు. దేవుడి పెట్టెల అడుగునుంచి పాత రాగి కాణీలు, చిల్లి కాణీలు బయటికి వచ్చాయి. పౌర్ణమి పొద్దున ఆడవాళ్లు వాటిని చింతపండుతో తోమి, బంగారంలా మెరిపించి, గుప్పిళ్లలో పట్టుకుని వచ్చారు. కాలనీలో కోస్తావాళ్ల ఇళ్లన్నీ కదిలాయి. పెరట్లో బకెట్టు నీళ్లలో చెంబుడు సముద్రం కలిపి అందరి నెత్తినా జల్లారు. లోపల ఒక్కొక్కరూ తొట్టెలో నాణెం జారవిడిచి కళ్లు మూసుకున్నారు.

చివర వీరలక్ష్మి వంతు వచ్చింది. అక్క తన కొంగున ముడివేసి పంపిన కాణీ ఒకటి ఇన్నాళ్లూ దాచుకుంది. దాన్ని వేసి, నేను వెళ్లేదాకా అక్క చూపు ఉంచు తండ్రీ అని మొక్కుకుంది. కాణీ ఇసుక మీద పడి ధగధగలాడింది. మాఘమాసపు ఎండలో తొట్టె అడుగంతా నక్షత్రాలు పరిచినట్టుంది. త్రినాథరావు దూరంగా నిలబడి చూసి, సిద్ధాంతానికి భక్తి తోడైతే ఎంత శోభ అనుకున్నాడు.

అద్దాన్ని పట్టుకున్న నత్తలు ముందు జారి పడ్డాయి. వాటికి నిద్ర వచ్చిందన్నాడు త్రినాథరావు. ముళ్ల పురుగుల ముళ్లు రాలాయి. పువ్వులాటిది విచ్చుకోవడం మానేసి, ముడుచుకుని, ఒకనాటికి బంకగా రాతిమీంచి ఊడివచ్చింది. పీత బోర్లాపడి ఉంది. అన్నిటికన్నా చివర చేపలు పైకి తేలాయి. నీరు పాలవిరుగుడులా తయారైంది.

"అమ్మా, మీ సముద్రం కంపు గొడుతున్నది" అంది ఆగమ్మ గడప అవతలినుంచే.

విచారణ జరిగింది. మంగళవారం సాయంత్రం పంపు కొట్టావా? కొట్టాను. ట్యూబు గట్టిపడేదాకానా? గట్టిపడేదాకానే. నీళ్లు కాచావా, కాచినట్టే చేశావా? వీరలక్ష్మి అన్నిటికీ జవాబు చెప్పింది. అక్క దగ్గరికి పోవాలని మనసులో పెట్టుకుని పని సరిగా చేయలేదని తీర్పు వచ్చింది.

సముద్రం చచ్చింది కాబట్టి ఇక ఆమెకు సెలవు దొరకాలి. వేసవిలో త్రినాథరావు కొత్త నీళ్ల కోసం భీమిలి బయలుదేరుతుంటే తనూ వస్తానంది. ఆయన జాలిగా చూశాడు.

"పైనున్నవి పోయాయే గాని ఇసుకలో ఉన్నవి బతికే ఉన్నాయి. అసలు ప్రాణమంతా వాటిలోనే ఉంది. ఇసుక ఆరిపోకుండా, గాలి ఆగిపోకుండా చూడాలి. ఎవరు చూస్తారు?"

కంటికి కనపడని జీవుల కోసం వీరలక్ష్మి ఆ వారమంతా ఉత్త ఇసుకలోకి గాలి కొట్టింది. ఆగమ్మ వచ్చి చూసి, ఆ రోజు పాలలో నీళ్లు కలపకుండా పోసి వెళ్లింది.

త్రినాథరావు జాడీలతో, గోనెలతో తిరిగివచ్చాడు.

"అక్కను చూశారా?"

"చూశాను."

"నన్ను అడిగిందా?"

"చెల్లెలేదీ అంది. ఇంట్లో పనుందని చెప్పాను."

"కళ్లెలా ఉన్నాయి?"

త్రినాథరావు గుర్తు తెచ్చుకున్నాడు. "ఈ జాడీ కారుతోందని ఆవిడే చెప్పింది. అంటే కనపడుతున్నట్టేగా. కంగారేం లేదు."

జాడీ కారితే చప్పుడవుతుందని వీరలక్ష్మికి తెలుసు.

కొత్త సముద్రాన్ని పాత ఇసుక మీద పోశారు. కాణీలు దేవుడి సొమ్ము కాబట్టి వాటిని అలాగే ఉంచారు. అవి అప్పటికి పచ్చగా మారాయి. రాగి మీద కూడా నాచు మొలిచిందని, చక్రం లోహాన్ని సైతం కలుపుకుంటోందని త్రినాథరావు మురిశాడు. ఈసారి నత్తలు అద్దం ఎక్కనే లేదు. వర్షాలు పడేలోగా రెండో సముద్రం కూడా పోయింది.

కర్మాగారం ప్రయోగశాలలో రాజారావు అని ఒక ఆఫీసరుండేవాడు, రసాయన శాస్త్రం చదివినవాడు. ఆయన ఒకనాడు వచ్చి, తొట్టెలోంచి ఒక పచ్చటి బిళ్ల తీసి గోటితో గీకాడు.

"ఇదేమిటండీ, రాగా?"

"అవునండీ. కుళ్లదని..."

"కుళ్లదు. కరుగుతుంది. ఓడల అడుగున రాగిరేకు కొట్టేవాళ్లు ఎందుకనుకున్నారు? గుల్లలూ నత్తలూ దగ్గరికి రాకూడదని. వాటికది విషం. చిటికెడు చాలు, మీరు దోసెడు వేశారు."

"మరి చక్రం దాన్ని విరిచేయదా?"

"ఏమని విరుస్తుంది? పెంట విరుగుతుంది, ఆకు విరుగుతుంది. ఇది ఎవరి తిండీ కాదు. మీరు నీళ్లు మార్చినా ఇసుకలో కూర్చునే ఉంటుంది." రాజారావు చెయ్యి కడుక్కున్నాడు. "పసుపూ కుంకుమా వేయమన్నా బాగుండేదండీ. తినేసి ఊరుకునేవి."

ఆయన వెళ్లాక త్రినాథరావు తొట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. తరవాత అన్నాడు. "సిద్ధాంతంలో తప్పు లేదు. నీ పౌర్ణమి వల్ల వచ్చింది."

"నాణెం వేయమన్నది మీరండీ."

"రాగి మంచిదన్నాను. కాలనీ అంతటినీ పిలవమన్నానా?"

తను పిలవలేదని, తను ఆ పౌర్ణమికి అసలు ఇక్కడ ఉండనన్నానని వీరలక్ష్మి అనలేదు. అన్నా అది ఎక్కడికీ చేరదని ఈ ఏడేళ్లలో ఆమెకు అర్థమైంది.

త్రినాథరావు మంచం పట్టాడు. డాక్టరు మలేరియా అన్నాడు, ఆయన సముద్రం అన్నాడు. వానాకాలమంతా వీరలక్ష్మి గంజి కాచింది. లేచి తిరుగుతున్న రోజుల్లో ఆయన మనసు మెత్తబడింది. "ఇక నీకు అడ్డమేముంది? హాయిగా వెళ్లిరా. దసరా దాటనీ" అన్నాడు. దసరా దాటింది. దీపావళి దాటనీ అన్నాడు. దీపావళీ దాటింది. ఆమె చీరలు మడతపెట్టుకునే సరికి అవతల కోస్తాలో ఆందోళన లేచి రైళ్లు ఆగిపోయాయి. మూడేళ్ల కిందట ఇక్కడివాళ్లు ఆపారు, ఇప్పుడు అక్కడివాళ్లు ఆపారు. మరే విషయంలోనూ పొత్తు కుదరని రెండు ప్రాంతాలూ వీరలక్ష్మిని కదలనీయకుండా చూడటంలో మాత్రం వంతులవారీగా సహకరించుకున్నాయి.

ఆ చలికాలం చివర వీర్రాజు లారీలు మారుతూ, కాలినడకన కొంత దూరం వస్తూ, ఎలాగో భీమిలినుంచి తిరిగివచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అయిపోయిందమ్మా. పుష్యమాసంలోనే. ఇప్పుడు పగలో రాత్రో కూడా తెల్దు. అలికిడి బట్టి మనిషిని పోల్చుకుంటంది. నేనెల్తే, లక్ష్మి వచ్చిందేటి నీ ఎనకాల, అనడిగింది."

వీరలక్ష్మి గుమ్మాన్ని పట్టుకుంది. త్రినాథరావు పేపరు దించి, విషయమంతా విని, నిట్టూర్చాడు. ఆయనకు నిజంగానే బాధ కలిగింది. ఆ బాధలోనే లెక్క కూడా తేలింది.

"అయితే ఇక తొందరేమీ లేదన్నమాట. రైళ్లు సర్దుకున్నాక నింపాదిగా వెళ్లొచ్చు."

కోపంతో అన్న మాట అయితే దానికి కోపంతో జవాబుండేది. ఆయన ఓదార్పుగానే అన్నాడు. వీర్రాజు తల వంచుకుని చెప్పులు చూసుకున్నాడు. వీరలక్ష్మి లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె దించింది.

రైళ్లు పూర్తిగా సర్దుకోకముందే, నడిచిన మొదటి రైలుకు ఆమె బయలుదేరింది. వద్దనడం త్రినాథరావుకు అలవాటు లేదు, ప్రశ్న వేయడానికి తొట్టెలో ఏమీ లేదు. "వచ్చేటప్పుడు నాలుగు జాడీలు పట్టుకురాగలవేమో. ఈసారి కొత్త ఇసుకతో చేద్దాం" అన్నాడు.

"చేతులు ఖాళీ ఉండవండీ" అంది.

బస్సు దగ్గర ఆగమ్మ పెట్టె అందించింది. "అయినె బువ్వకేం జేస్తడమ్మా?"

"బియ్యం ఉన్నాయి. ఎసరు పెట్టుకుంటారు."

"పెట్టుకుంటడు తీ. సముద్రాన్నే సాదిన మనిషి."

భీమిలిలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం. మూసేసిన కొట్టు వెనక గదిలో నాగేశ్వరి మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లు వేళ్లతో తడిమి ఏరుతోంది. వీరలక్ష్మి పెట్టె కింద పెట్టి, గుమ్మానికి ఎడమ పక్క గోడవార నిలబడింది.

"ఎవులది?"

"నేనక్కా. లక్ష్మిని."

చేటలో వేళ్లు ఆగాయి. నాగేశ్వరి మొహం లేచింది. తెరిచి ఉన్న కళ్లు గుమ్మం వైపు నిలిచాయి.

"వచ్చేవా" అంది. "లావయ్యేవా?"

"లేదక్కా."

"జుట్టు?"

"అలాగే ఉంది. నల్లగానే."

"ఎవుల్తో సెప్తన్నావే. గొంతు ముసల్దైపోయింది నీది." చేట పక్కకు నెట్టింది. "సూపున్నన్నాళ్లూ ఈ వీధిలోకి బస్సొస్తే లేచి ఎల్లి సూసేదాన్ని. అప్పుడు రానేదేం?"

వీరలక్ష్మి చెప్పాలనుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? గోడ అవతల అలలు విరిగి పడుతున్నాయి. ఎవరూ గాలి కొట్టకుండా, ఎవరూ గరిటెతో పోయకుండా ఆకాశం దాకా నీళ్లున్న ఊళ్లో, తను ఇన్నేళ్లు ఎందుకు రాలేకపోయిందో నోరు విప్పి చెబితే మతి చలించిందనుకుంటుంది అక్క.

"సెలవు దొరకలేదక్కా" అంది.

"నీకేటే ఉజ్జోగం?"

నాగేశ్వరి ఆ మాట వెటకారంగా అనలేదు. తెలియక, తెలుసుకోవాలనే అడిగింది. ఖాళీ గుమ్మం వైపు మొహం పెట్టి జవాబు కోసం చూస్తోంది. వీరలక్ష్మి గోడవారనుంచి కదిలి, చప్పుడు కాకుండా వచ్చి, అక్క చూస్తున్న చోట, గడప మీద కూర్చుంది.